పాత పాట రుచించకపోతే...

కిందటి వేసవిలో ఒకనాటి సాయంత్రం. ఓ.పి. అయిపోయింది. చేతులు కడుక్కుని లేవబోతున్నాను. గుమ్మంలో దంపతులిద్దరు నిలబడ్డారు. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిన మాస్టారు. వయస్సు అరవై ఎనిమిది. చక్కెర వ్యాధికి నా దగ్గరే మందులు వాడుతున్నారు. ఎప్పుడూ ఒక్కరే వచ్చే మనిషి. ఆ రోజు మాత్రం భార్య ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏం మాస్టారూ, షుగరు పెరిగిందా?" అన్నాను.

ఆయన పలకలేదు. ఆమే అందుకుంది. "షుగరు కాదు సార్. ఈయన పాటలు వినడం మానేసినారు."

నాకు నవ్వొచ్చింది. "పాటలు వినకపోతే జబ్బా అమ్మా?"

"మీకు తెలవదు సార్. నలభై రెండేళ్ళ కాపురంలో ఈయన రేడియో పెట్టకుండా కాఫీ తాగింది లేదు. పొద్దున భక్తిరంజని, రాత్రికి ఘంటసాల. అట్టాంటి మనిషి మూడు నెలలుగా రేడియో మీద గుడ్డ కప్పేసినారు. నేను పెడితే కట్టేయమంటారు. నాకు భయంగా ఉండాది సార్."

మాస్టారు కొంచెం విసుక్కున్నారు. "దానికేముంది డాక్టరుగారూ! విని విని మొహం మొత్తింది. అంతే."

ఆయన చెప్పిన కారణమూ తప్పే, ఆమె పడ్డ భయమూ తప్పే అని తర్వాత తేలింది. కాని ఆ సాయంత్రం నేను నవ్వి పంపించి ఉంటే ఆ సంగతి ఎన్నటికీ తేలేది కాదు. అందుకే ఈ వారం ఈ విషయం రాస్తున్నాను.

"ఇదివరకు ప్రాణం పెట్టి విన్న పాటలు ఇప్పుడు చెవికెక్కడం లేదు" అనే ఫిర్యాదు మా వైద్యగ్రంథాలలో ఏ అధ్యాయం కిందా ఉండదు. ఈ మాట చెప్పుకోవడానికని ఎవరూ ఆసుపత్రికి రారు. ఏ నడుంనొప్పి గురించో చెబుతూ మాటవరసకు అంటారు. నా అనుభవంలో ఈ మాట వెనుక ముఖ్యంగా మూడు సంగతులు ఉంటున్నాయి. ఒకదానికి వైద్యమే అక్కరలేదు. ఒకదానికి చెవి డాక్టరు కావాలి. మూడోది మాత్రం పట్టించుకోకపోతే మనిషినే తీసుకుపోతుంది.

మొహం మొత్తడం

ముందు నిరపాయమైన దాని గురించి చెబుతాను. దీనికి నేనే రోగిని.

మా నాన్నగారు ఘంటసాల భక్తులు. ఆ పాటలే నాకూ అబ్బినాయి. గూడూరు నుంచి కోటకు రోజూ వచ్చిపోయే దారిలో కారులో అవే పాటలు ఏళ్ళ తరబడి విన్నాను. ఒకరోజు దారి సగంలో ఉండగా గమనించాను. పాట అయిపోయింది, నేను ఒక్క ముక్క వినలేదు. మర్నాడూ అంతే. ఫ్యాను చప్పుడు ఎలా మనకు వినపడదో అలా అయిపోయింది ఘంటసాల గొంతు! నిజం చెప్పాలంటే నాన్నగారికి ద్రోహం చేస్తున్నట్టు బాధపడ్డాను.

ఇందులో ద్రోహమూ లేదు, జబ్బూ లేదు. కొత్త పాట విన్న కొద్దీ ఇష్టం పెరుగుతుంది. ఒక శిఖరం చేరుతుంది. ఇంకా వింటే తగ్గడం మొదలవుతుంది. బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1971లోనే ఈ ఎక్కుడు దిగుడుల సంగతి సిద్ధాంతీకరించాడు. మరీ కొత్తదీ మనకు నచ్చదు, మరీ పాతదీ నచ్చదు. కొంత తెలిసి, కొంత తెలియక ఉన్నదే నచ్చుతుంది.

దీనికి కారణం మెదడు పనిచేసే తీరులో ఉంది. పాట వింటున్నప్పుడు మెదడు ఊరికే కూర్చోదు. తర్వాత రాబోయే స్వరం ఏమిటో ముందుగా ఊహిస్తూ ఉంటుంది. ఊహ ఫలించబోతున్నదన్నప్పుడు ఒక సంతోషం, ఫలించినప్పుడు మరొకటి, కొంచెం తప్పి మరింత అందంగా తేలినప్పుడు ఇంకొకటి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో శాస్త్రజ్ఞులు 2011లో దీన్ని స్కానింగులో చూపించారు. ఒళ్ళు గగుర్పొడిచే ఘట్టం రావడానికి కొద్ది క్షణాల ముందు మెదడులో ఒక చోట, వచ్చినప్పుడు మరో చోట డోపమైన్ అనే రసాయనం విడుదలవుతున్నది. మనకు ఆకలి వేళ అన్నం ముందు పెట్టినప్పుడు పనిచేసేదీ అదే రసాయనం. ప్రతి గమకమూ ముందే తెలిసిపోయిన పాటలో మెదడుకు ఊహించే పనే ఉండదు. పని లేనిచోట కూలీ కూడా ఉండదు కదా!

రికార్డు పాట వెయ్యిసార్లు పెట్టినా వెయ్యిసార్లూ ఒకటే. కచేరీలో రాగాలాపన అలా కాదు. అదే విద్వాంసుడు అదే రాగాన్ని ఇవాళ ఒకలా, రేపు ఒకలా పాడతాడు. మన పెద్దలు ఒకే కల్యాణిని జీవితమంతా విని కూడా విసుగెత్తకపోవడానికి ఇది ఒక కారణమై ఉంటుందని నా ఊహ.

ఇలాంటి విసుగు పాటల వరకే ఉంటుంది. నిద్ర బాగుంటుంది, ఆకలి బాగుంటుంది, మనుమరాలు వస్తే ముఖం విప్పారుతుంది, ఊరగాయ రుచిగానే ఉంటుంది. అటువంటప్పుడు మీరు చేయవలసింది ఏమీ లేదు. ఆ పాటలకు ఆరు నెలలు సెలవివ్వండి. తిరిగి వస్తాయి.

మాస్టారి చెవిలో ఏముంది?

ఇహ మాస్టారి సంగతి. "మొహం మొత్తింది" అన్నారు కదా, నేను మరో ప్రశ్న వేశాను. "మాస్టారూ, పాట బాగుండటం లేదా, లేక పాటలో ఏదైనా మారినట్టుందా?"

ఆయన చాలాసేపు నేల చూపు చూశారు. తర్వాత, "వయొలిన్ రేకు మీద గీకినట్టుంటున్నది డాక్టరుగారూ. మృదంగం వినపడుతుంది, తాళాలు వినపడవు. గాయకుడి నోట్లో పత్తి కుక్కినట్టుంటుంది. పాటలే పాడయినాయో, నా బుద్ధే పాడయిందో తెలవడం లేదు" అన్నారు.

భార్య నివ్వెరపోయింది. మూడు నెలలుగా ఆ ముక్క ఆమెతో అనలేదు ఆయన!

పరీక్ష చేస్తే కుడి చెవి నిండా గుబిలి. గులిమి అన్నా అదే. అది ఒక్కటే అయితే ఐదు నిమిషాల పని. కాని తీసేసిన తర్వాత కూడా లోటు కనిపించింది. చెవుల డాక్టరు దగ్గరికి పంపి ఆడియోగ్రామ్ తీయించాను. రెండు చెవులలోనూ హెచ్చు స్థాయి ధ్వనులు బాగా తగ్గిపోయినాయి.

మన లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగం ఒకటి ఉంది. అందులో సన్నని రోమకణాలు వరుసలు తీరి ఉంటాయి. గుల్ల మొదట్లో ఉన్నవి సన్నని, హెచ్చు ధ్వనులను పట్టుకుంటాయి. చివర ఉన్నవి బొంగురు ధ్వనులను పట్టుకుంటాయి. వయస్సు, చక్కెర వ్యాధి, ఏళ్ళ తరబడి విన్న రొద, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి కొన్ని ఇంజక్షన్లు, ఇవన్నీ ముందుగా దెబ్బతీసేది మొదటివరుస కణాలనే. ఒకసారి పోయిన రోమకణం మళ్ళీ మొలవదు. అందుచేత మనిషికి మాటలు వినపడుతూనే ఉంటాయి. "చెవుడా? నాకా?" అంటాడు. కాని స, త, ప, క వంటి హల్లులు జారిపోయి 'తల' అంటే 'కల' అని తోస్తుంది. కోడలు గొణుగుతున్నదని అనుమానం పుడుతుంది. సంగీతానికి జరిగే నష్టం ఇంకా ఎక్కువ. పాటకు మెరుగు పెట్టేదంతా ఆ హెచ్చు ధ్వనులలోనే ఉంది. అవి పోతే పాట వెలిసిపోయిన చీర లాగా ఉంటుంది.

అరవై దాటినవారిలో నూటికి 25 మందికి పైగా వినికిడి లోపంతో ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వీరిలో చాలామంది మొదట వదులుకునేది సంగీతాన్నే అని నేను గమనించాను. తర్వాత పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తారు. తర్వాత అరుగు మీద కబుర్లు మానేస్తారు. ఇంట్లోవాళ్ళు "పెద్దాయనకు చాదస్తం పెరిగింది" అని సరిపెట్టుకుంటారు.

మన తీరప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉంది. రొయ్యల గుంటల దగ్గర రాత్రంతా ఏరేటర్లు, జనరేటర్లు మోగుతుంటాయి. కాపలా కుర్రవాడు ఆ రొదను మించి వినపడాలని చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని పాటలు పెట్టుకుంటాడు. తిరునాళ్ళకు పెట్టే పెద్ద డీజే పెట్టెల సంగతి చెప్పనే అక్కరలేదు. 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చునంటారు. ప్రతి 3 డెసిబెళ్ళు పెరిగినకొద్దీ ఆ గంటలు సగమైపోతాయి. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10. ఫోనులో ధ్వనిని అరవై శాతం దాటనివ్వవద్దని పిల్లలకు చెప్పండి. పాట ఆపిన తర్వాత చెవిలో గుంయ్‌మని మోత ఉంటే హద్దు దాటారన్నమాట.

మందుల గురించి ఒక మాట. మూర్ఛకూ, ముఖంలో వచ్చే ఒక రకం నరాల పోటుకూ వాడే కార్బమజెపిన్ అనే మాత్ర కొద్దిమందిలో ఒక వింత చేస్తుంది. ప్రతి స్వరమూ అరస్వరం దిగువన వినిపిస్తుంది! సంగీతం నేర్చినవారే దాన్ని పసిగట్టగలరు. మాత్ర మారిస్తే పోతుంది. అయితే మీరై మాత్ర ఆపారో, మూర్ఛ తిరగబెడుతుంది. డాక్టరుతో చెప్పి మార్పించుకోండి.

ఆరోసారికి గాని నాకు తెలియలేదు

మూడోది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

వాకాడు వైపు ఒక పల్లె నుంచి నలభై ఎనిమిదేళ్ళ ఇల్లాలు వచ్చేది. ఒళ్ళునొప్పులు, కడుపులో గ్యాసు, తలబరువు. రక్తపుపోటు బాగుంది, రక్తమూ బాగుంది. బి-కాంప్లెక్సు రాశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశాను. అలా అయిదుసార్లు. ఆరోసారి కూతురు తోడు వచ్చింది. నేను కలం పట్టుకోగానే ఆ అమ్మాయి, "సార్, అమ్మ ఈసారి ధనుర్మాసంలో గుడికి పోలేదు. ఏటా తిరుప్పావై అమ్మే పాడేది. ఎందుకు పోలేదంటే పాట మీద మనసు లేదంటుంది" అంది.

కలం కింద పెట్టాను.

"ఇంకా దేని మీద మనసు లేదమ్మా?" అని అడిగాను. దేని మీదా లేదు. వంట రుచి లేదు. అమెరికాలోని కొడుకు వీడియోలో కనిపిస్తే ఇదివరకు గంటసేపు మాట్లాడేది, ఇప్పుడు ఫోను కూతురి చేతికి ఇచ్చేస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుంది. కూతుర్ని కాసేపు బయట కూర్చోమని సూటిగా అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తుందా?" ఆమె ఏడవలేదు. "పడుకున్నదాన్ని లేవకపోతే బాగుండుననిపిస్తుంది సార్" అంది. ఇంట్లో పురుగుమందు డబ్బాలున్నాయని కూడా అడగకుండానే చెప్పింది.

దీన్ని దిగులు జబ్బు అందాం. ఇంగ్లీషులో డిప్రెషన్. ఈ జబ్బుకు ఏడుపు ముఖమే గుర్తు అనుకుంటారు. కాదు. ఏడుపు లేకుండా కేవలం రుచి చచ్చిపోవడం కూడా దీని ముఖ్య లక్షణమే. ఇదివరకు సంతోషమిచ్చిన పనులేవీ ఇవ్వకపోవడం, అదీ దాదాపు రోజంతా, రెండు వారాలకు పైబడి ఉంటే, దానికి నిద్ర, ఆకలి, ఓపిక తగ్గడం తోడైతే, మనోవైద్యులకు చూపించవలసిందే. థైరాయిడ్ తగ్గినా, బి-12 లోపించినా కొంతవరకు ఇలాగే ఉంటుంది కనుక ఆ రక్తపరీక్షలు కూడా చేయించాలి.

"చచ్చిపోవాలనిపిస్తుందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?" అని చాలామంది భయపడతారు. కాదు. అడిగితే బరువు దిగుతుంది. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉన్నట్టు తోస్తే అడగండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రల డబ్బాలు అదే రోజు ఇంట్లోంచి తీసేయండి, లేదా తాళం వేసి తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం 'టెలి మానస్' అనే ఫోను సేవ నడుపుతున్నది. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ ఇల్లాలిని మనోవైద్యుని దగ్గరికి పంపాను. పురుగుమందు డబ్బాలు ఆ సాయంత్రమే గుంటల దగ్గరి షెడ్డుకు పోయినాయి. ఈ జబ్బుకు ఇచ్చే మాత్రలు మర్నాటికే పనిచేయవు. రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వీటికి అలవాటు పడిపోతామన్న భయం అక్కరలేదు. అయితే తేలికపడగానే ఆపేయకూడదు, డాక్టరు చెప్పినన్ని నెలలూ వాడాలి. ఏడో వారంలో కూతురు ఫోను చేసింది. "అమ్మ వంటింట్లో కూనిరాగం తీస్తా ఉంది సార్" అని. అంతకు మించి ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అరుదైన సంగతులు రెండు

పుట్టుకతోనే సంగీతం పట్టనివారు కొందరుంటారు. చెవి బాగుంటుంది, శ్రుతి తప్పితే తెలుస్తుంది, మిగతా సుఖాలన్నీ తెలుస్తాయి. పాట మాత్రం ఆనందాన్నివ్వదు. బార్సిలోనా పరిశోధకులు 2014లో ఇటువంటివారిని పరీక్షించి ఇది నిజమేనని తేల్చారు. నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు ఉండవచ్చని అంచనా. మీ అల్లుడు అటువంటివాడైతే కచేరీకి లాక్కుపోయి హింసించకండి.

దీనికి సరిగా తిరగబడ్డది ఇంకొకటి. 2000 సంవత్సరంలో ఇటలీ వైద్యులు ఒక విషయం ప్రకటించారు. అంతదాకా శాస్త్రీయ సంగీతం తప్ప వినని ఒక పెద్దమనిషి ఉన్నట్టుండి కుర్రకారు పాటలను పెద్ద ధ్వనితో వినడం మొదలుపెట్టాడు. అది మెదడు ముందు భాగం క్షీణించే ఒక రకం మతిమరుపు జబ్బులో భాగమని తేలింది. ఇది చదివి, తాతగారు కొత్త సినిమా పాట విన్నారని ఆసుపత్రికి తేవద్దు! అభిరుచి మారడంతో పాటు మర్యాద మరవడం, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెట్టడం, తినకూడనంత తీపి తినడం, ఇంటివాళ్ళ బాధ పట్టకపోవడం ఉంటేనే అనుమానించాలి.

కొత్త పాట రుచి మరిగేదెలా?

"ఆ రోజుల్లో పాటలే పాటలు" అనే మాట ప్రతి తరమూ అంటుంది. పదేళ్ళ నుంచి ఇరవై ఐదేళ్ళ లోపు విన్న పాటలు మెదడులో లోతుగా నాటుకుంటాయి. కనుక ఆ మాటలో పాటల గొప్పతనం కొంత, మన పడుచుదనం కొంత. దానర్థం ఆ తర్వాత ద్వారాలు మూసుకుపోతాయని కాదు. తెరవకపోతే తుప్పు పడతాయి. చార్లెస్ డార్విన్ అంతటివాడు 1876లో పిల్లల కోసం స్వీయచరిత్ర రాస్తూ, పడుచుతనంలో ఉండిన కవిత్వం రుచి, సంగీతం రుచి తనకు పోయినాయని వాపోయాడు. మళ్ళీ బతికే అవకాశం ఉంటే వారానికి ఒక్కసారైనా కొంత కవిత్వం చదివి, కొంత సంగీతం వినేవాడినన్నాడు.

అయితే ఇది ఆముదం తాగించినట్టు చేయించే పని కాదు. మన దేశంలో ఆ ప్రయత్నం ఒకసారి జరిగింది. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేసి శాస్త్రీయ సంగీతం ఎక్కువ చేశారు. ప్రజల అభిరుచి పెంచాలని ఆయన సదుద్దేశం. ప్రజలేం చేశారు? రేడియో ముల్లు సిలోను వైపు తిప్పారు. మా నెల్లూరు తీరంలో మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు గొంతు తెలియని పెద్దవాళ్ళు లేరు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టక తప్పింది కాదు.

మరి ఇరవై ఏళ్ళు గడిచాక 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది. రిక్షావాళ్ళ దగ్గర్నుంచి కాలేజీ పిల్లల దాకా రాగాల పేర్లు మాట్లాడుకున్నారు. ఎవరూ ఆజ్ఞ వేయలేదు. ఎందుకంటే తలుపు తెలిసిన తలుపు. సినిమా హాలు. పాడింది తెలిసిన గొంతు, మన నెల్లూరు హరికథకులు సాంబమూర్తిగారి అబ్బాయి బాలసుబ్రహ్మణ్యం. ఆయన శాస్త్రీయ సంగీతం గురుముఖంగా పద్ధతి ప్రకారం నేర్చుకున్నవాడు కాదు. తన అలవాటు సంగీతంలోంచి కొత్తదానిలోకి తానే నడిచి వెళ్ళి జాతీయ పురస్కారం తెచ్చుకున్నాడు. శ్రోతలూ ఆయన వెంట నడిచారు.

నేను రోగులకు చెప్పేదీ ఇదే. తెలిసిన గుమ్మంలోంచి తెలియని ఇంట్లోకి వెళ్ళండి. 'జగదేకవీరుని కథ'లోని శివశంకరీ పాట మీకు ఇష్టమా? అది దర్బారీ కానడ. హిందూస్తానీ రాగం. మీరు 1961 నుంచి హిందూస్తానీ సంగీతం వింటున్నారన్నమాట! అదే దర్బారీని సరోదు మీదనో, సితారు మీదనో విని చూడండి. మన మోహన అక్కడ భూప్, హిందోళం అక్కడ మాల్కౌన్స్, కల్యాణి అక్కడ యమన్. శంకరాభరణం స్వరాలే పాశ్చాత్యుల ప్రధాన స్వరమాల. ఆ దారిన వెళితే బాఖ్, మొజార్ట్ కూడా పరాయివాళ్ళుగా తోచరు. ఇళయరాజా 1986లో వెలువరించిన 'హౌ టు నేమ్ ఇట్' త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితం. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి నిలబడటానికి అంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు.

ఒకసారి విని "బాగాలేదు" అనకండి. నాలుగైదు రోజుల ఎడంతో నాలుగైదుసార్లు వినండి. ఒక్కసారికి పది నిమిషాలు చాలు. మా ల్యాబు టెక్నీషియన్ కసుమూరు దర్గాకు వెళ్ళివచ్చి నుస్రత్ ఫతే అలీఖాన్ ఖవ్వాలీ వినిపించాడు. మొదటిసారి కేకలనుకున్నాను. రెండోసారి చప్పట్ల తాళం పట్టుకుంది. నాలుగోసారికి గూడూరు ఎప్పుడొచ్చిందో తెలియలేదు. మూడు నెలల తర్వాత ఒకనాడు ఘంటసాల పెడితే, నాన్నగారు పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది.

ఫోనులో వినడం కంటె మనుషుల మధ్య వినడం మంచిది. గుడిలో నాదస్వరం, జాతరలో పంబజోడు, ఊళ్ళో హరికథ, ఏది దొరికితే అది. మనిషిని ఇంట్లోంచి కదిలించేది ఏదైనా సగం మందు. దిగులు జబ్బులో ఉన్నవారు "మనసు పుట్టాక వెళతాను" అంటారు. మనసు ముందు రాదు. కాళ్ళు ముందు వెళ్ళాలి. మనసు వెనక వస్తుంది. ఇది మనోవైద్యులు చికిత్సగా వాడే పద్ధతే. అయితే జబ్బు ముదిరినవారికి పాట మందుకు బదులు కాదు. మందుతో పాటు మాత్రమే.

చెవి తగ్గినవారికి ఒక సలహా. వినికిడి యంత్రాలను ముఖ్యంగా మాటల కోసం తయారు చేస్తారు. మాటలను పైకెత్తి, పెద్ద చప్పుళ్ళను అణిచేస్తాయి. సంగీతానికి అది కిట్టదు. యంత్రం అమర్చేవారిని సంగీతం కోసం వేరే సెట్టింగు పెట్టమని అడగండి. చాలా యంత్రాలలో అది ఉంటుంది, అడగనివారికి పెట్టరు. కొత్త యంత్రానికి మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు రోజులు పెట్టుకుని బీరువాలో దాచకండి. కొనలేనివారికి కేంద్ర ప్రభుత్వ 'అడిప్' పథకం కింద అర్హతను బట్టి ఉచితంగా ఇస్తారు. జిల్లా వికలాంగుల సంక్షేమశాఖలో విచారించండి.

మాస్టారు యంత్రం పెట్టించుకున్నారు. మొదటి నెలంతా నన్ను తిట్టుకున్నారట. రెండో సెట్టింగు పెట్టించుకున్న తర్వాత కొంత నయం. వయొలిన్, వేణువు ఇంకా ఇబ్బందిగానే ఉన్నాయి. అవి మునుపటిలా ఉంటాయని నేను ఆశపెట్టలేదు. బొంగురు స్వరం ఉన్న వాద్యాలు విని చూడమన్నాను. వీణ, సరోదు, పాశ్చాత్యుల చెల్లో. మనవడు ఫోనులో వెతికి పెట్టాడు. మాస్టారికి చెల్లో మీద ఇప్పుడు పిచ్చి పట్టింది. "గంభీరంగా మనిషి మాట్లాడినట్టుంది డాక్టరుగారూ! అరవై ఎనిమిదేళ్ళు ఇది లేకుండా ఎట్టా బతికానో" అన్నారు.

పోయిన వారం ఆమె ఒక్కతే వచ్చింది. షుగరు చీటీ చూపించడానికేమో అనుకున్నాను.

"కాదు సార్. నాలుగున్నరకే లేచి ఆ పెద్ద ఫిడేలు మోగిస్తా ఉండారు. రేడియో మీద గుడ్డ ఉన్నన్నాళ్ళూ నాకు నిద్రన్నా పట్టేది. నాకేమన్నా మాత్ర రాస్తారా?"

మాత్ర రాయలేదు. మాస్టారికే ఒక చీటీ రాసి పంపాను, ఆరు గంటల లోపు వాద్యం మోగరాదని.